పాత సినిమాల్లో ఇంగ్లీషు బండ్లు, వాటిని నడిపినవాళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఇదీ ఒక ఉద్యోగమేనా?"

ఉద్యోగమే. పాత సినిమా రీళ్ళను శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరిచే ఒక ప్రైవేటు ఆఫీసులో నేను రిటైరయ్యేదాకా చేసింది ఈ పనే. చాలా రీళ్ళకు మొదటి భాగం ఉండదు. పేర్లు పడే ముక్కే మెషీన్లో ఎక్కువగా నలుగుతుంది కాబట్టి అదే ముందు పాడవుతుంది. అది పోయాక, ఆ రీలు ఎప్పటిది, ఎక్కడ తీశారు అని చెప్పాలంటే తెర మీద కనబడేవే ఆధారం. దుకాణాల బోర్డులు, కరెంటు స్తంభాలు, చీరకట్టు, జుట్టు దువ్విన తీరు. వీటన్నిటిలో నేను ఎక్కువగా నమ్మింది కార్లను. చీర పదేళ్ళు పెట్టెలో ఉండి మళ్ళీ బయటికి రావచ్చు. కారు మాత్రం తయారుకాకముందు రోడ్డెక్కలేదు. ఈ ఒక్క మాట చుట్టూనే నా ఉద్యోగమంతా తిరిగింది.

ప్రమోషన్ల సంగతి, జీతాల సంగతి ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు.

చదివి నేర్చుకున్నది

మాది ఛత్రినాక. మా నాన్నకు సైకిలు రిపేరు దుకాణం ఉండేది. నేను కాలేజీ మెట్లెక్కలేదు. కానీ మూసీ ఒడ్డునున్న పెద్ద లైబ్రరీ మెట్లు నాకు బాగా తెలుసు. అక్కడ వెనక హాల్లో, ఎవరో దొరగారి ఇంటినుంచి వచ్చిన ఇంగ్లాండు మోటారు పత్రికలు అట్టలు కట్టి ఉండేవి. వాటిని అడిగేవాళ్ళు లేక దుమ్ము పట్టిపోయి ఉండేవి. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. మొదటి ఏడాది వ్యాసాలు అర్థం కాలేదు, ప్రకటనలు అర్థమయ్యాయి. తరువాత తెలిసింది, మన పనికి కావలసింది ప్రకటనలేనని. కంపెనీవాడు నిరుడు లేనిది ఈ ఏడు ఏం పెట్టాడో వాటిలోనే గొప్పగా చెప్పుకుంటాడు. మనకు కావలసింది ఆ తేడా.

ఉదాహరణకు మారిస్ మైనర్. మొదట వచ్చిన వాటికి హెడ్‌లైట్లు కిందుగా, ముందు ఇంజనుకు గాలి తగిలే జాలీ పక్కనే ఉంటాయి. తరువాత వచ్చిన వాటికి మడ్‌గార్డ్ల మీదికి ఎక్కాయి. ఇంకా తరువాత, రెండు ముక్కలుగా ఉండే ముందు అద్దం ఒకే ముక్క అయింది. ఈ మూడూ తెలిస్తే, పారిపోతున్న బండి ఒక్క క్షణం కనబడినా చాలు, ఆ సన్నివేశం ఎప్పటికి ముందు తీసినది కాదో చెప్పవచ్చు. అలాగే మన దేశంలో బిగించిన ల్యాండ్‌మాస్టర్‌ను చూసి మారిస్ ఆక్స్‌ఫర్డ్ అని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒళ్ళు ఒకటే. ముఖం చూడాలి, దాని మీది గుర్తు చూడాలి.

నేను ఇవన్నీ చదివి నేర్చుకున్నానని చెప్పడం నాకిష్టం. ఇవాళ ఫోన్లో బొమ్మ చూపిస్తే బండి పేరు చెప్పే యంత్రాలు వచ్చాయి. వాడుకోండి. కానీ అది ఎందుకు ఆ పేరు చెప్పిందో మీరు చెప్పగలిగినప్పుడే దాన్ని కాగితం మీద పెట్టండి.

రామలింగేశ్వరరావు గారు

మా ఆఫీసు పెద్ద ఆయన. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కార్ల గురించి ఆయనకేమీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. అయినా చూడటం నేర్పింది ఆయనే.

ఒకసారి పేర్లు లేని రీలు ఒకటి వచ్చింది. బజారు సన్నివేశం. దుకాణాల బోర్డులు చదవలేనంత మసక. మధ్యలో ఒక కారు, స్టీరింగు ఎడమవైపు. మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి, ఇది అమెరికా నుంచి తెప్పించిన బండి అని గదిలో ఉన్నవాళ్ళమంతా తేల్చాం. ముందు జాలీ ఏ కంపెనీదన్న దాని మీద వాదన కూడా నడిచింది. రావుగారు టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి విన్నారు.

"ఏవయ్యా యాదగిరీ, ఆ వెనకాల నడిచేవాళ్ళ కొంగు చూశావా?"

"చూసిన సార్. నేత చీరలు."

"చీర కాదయ్యా, కొంగు. అందరికీ కుడి భుజం మీదుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా కూడబలుక్కుని ఒకేరోజు భుజం మార్చుకున్నారంటావా?"

రీలు అతికినప్పుడు ఎవరో ఆ ముక్కను తిరగేసి అతికారు. ఎడమది కుడి, కుడిది ఎడమ అయింది. సరిచేసి చూస్తే అది అచ్చమైన ఇంగ్లాండు హిల్‌మన్. అప్పటినుంచి ఆఫీసులో నియమం పెట్టాం: బండిని చూసేముందు మనుషుల్ని చూడాలి. అయితే ఒక జాగ్రత్త. బేగంబజార్ మార్వాడీ ఇళ్ళ ఆడవాళ్ళు కొంగు కుడి భుజం మీదికే తెచ్చుకుంటారు. ఒక్క కొంగు చూసి తేల్చకండి, నలుగురివి చూడండి.

రావుగారిది ఇంకో నియమం ఉండేది. "బండి పేరు రాయి. మనిషి పేరు రాయకు." తెర మీద పోయే మనిషి మా తాత, మా మేనమామ అంటూ జనం వస్తారని, ఒకసారి మనం ఔనంటే ఆ అబద్ధం ఆ ఇంట్లో తరతరాలు నిలిచిపోతుందని ఆయన భయం. అది న్యాయమైన భయం. దాన్ని మేం ఒక్కసారే పక్కన పెట్టాం. ఆ సంగతే ఇక్కడ వివరంగా రాస్తాను.

బండితోపాటు డ్రైవరు

ముందు ఒక ఆచారం తెలియాలి. ఆ రోజుల్లో సినిమా కంపెనీలకు సొంత కార్లు తక్కువ. ఊళ్ళో షూటింగ్ పెడితే పెద్దింటివాళ్ళ బండి అడిగి తెచ్చుకునేవారు. యజమాని బండి ఇస్తే డ్రైవరునూ పంపేవాడు, వేరేవాళ్ళ చేతికి తాళం ఇచ్చేవాడు కాదు. కథ ప్రకారం బండి నడిపేది హీరో. అందుకని దూరం నుంచి తీసే ముక్కల్లో డ్రైవరుకే హీరో కోటు తొడిగి, టోపీ పెట్టి నడిపించేవారు. హీరో ముఖం దగ్గరగా కనబడే ముక్కల్ని తరువాత మద్రాసు స్టూడియోలో, ఆగి ఉన్న ఇంకో బండిలో తీసేవారు. ఇద్దరు మనుషులు బంపరు పట్టుకుని ఊపేవారు. చూసేవాళ్ళకు ఒకే బండి, ఒకే మనిషి అనిపించేది.

కాబట్టి ఒక సన్నివేశంలో ఎన్ని బండ్లున్నాయో మొదట లెక్క తేల్చాలి. బండి మారిన చోట మనిషీ మారి ఉంటాడు.

జహనారా ఆపా అడిగింది

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు, మొఘల్‌పురా నుంచి జహనారా బేగం గారని, అందరూ ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒక రిటైర్డ్ టీచరు, మేనకోడలి చేయి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. ఛత్రినాకలో నన్నెరిగినవాళ్ళు ఎవరో పంపారు.

"యాదగిరి భాయ్, మీరు బండ్లను చూసి గుర్తుపడ్తరట గద."

"బండినైతే గుర్తుపడ్త ఆపా. మనిషిని గుర్తుపట్టుడు నాతోని కాదు."

"బండి చెప్తే చాలు. అది మా సేఠ్ బండి అయితే లోపల మా అబ్బానే ఉంటడు."

ఆమె తండ్రి కాసిం, బేగంబజార్‌లో ఇత్తడి సామాను టోకుగా అమ్మే ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. ఆమె చంటిపిల్లగా ఉండగానే కామెర్లతో పోయారు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. బతికుండగా ఫలానా సినిమాలో హీరో కోటు వేసుకుని సేఠ్ బండి నడిపానని భార్యతో చెప్పారట. ఆ సినిమా విడుదలయ్యేసరికి ఆయన లేరు. భార్య ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయాక గడప దాటకుండా గడపవలసిన ఆ నాలుగు నెలల పది రోజులూ ముగిసేసరికి సినిమా ఊళ్ళోంచి వెళ్ళిపోయింది. ఆమె దాన్ని చూడకుండానే పోయారు.

"గల్లీల మా అమ్మీని ఆటపట్టించెటోళ్ళు. హీరో నడిపిన బండి నీ మియా నడిపిండా, ఇగ పాటలు గూడ నీ మియానే పాడిండేమో అని." ఆపా నవ్వకుండా చెప్పారు. "ఆ సినిమా ఫోన్ల చూసిన. చీమలు పోయినట్టు కనబడ్డది. నా కండ్లు పోతున్నయి భాయ్. ఉన్న చూపు ఎక్కువ రోజులు నిలువదని డాక్టర్ సాబ్ చెప్పిండు. అది పోకముందు ఒక్కసారి అబ్బాను చూడాలె. కని ఎవర్నో చూసి అబ్బా అనుకోవద్దు. గందుకే మీతాన వచ్చిన."

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె చేయెత్తి ఆపారు.

"నన్ను ఖుష్ చేసెటందుకు చెప్పకండ్రి. పిల్లల కాగితాలు దిద్ది దిద్ది ముసలిదాన్నయిన. ఊకె మార్కులు ఏసేటోళ్ళను ఇట్టె పసిగడ్త."

ఆ సినిమా రీళ్ళు అప్పటికే మా దగ్గర ఉన్నాయి. రావుగారు సంగతంతా విని, "చూడు. కానీ ఎక్కడ సందేహం మిగిలితే అక్కడే ఆగిపో. ఆవిడకు సందేహాన్నే చెప్పు," అన్నారు.

బండి చెప్పింది

ఆ సన్నివేశం మూసీ పక్క రోడ్డు మీద, పొద్దు వాలుతున్న వేళ. హీరో నల్ల కారు వేగంగా నడుపుకుంటూ వస్తాడు. చూడగానే ఒకే బండి. నిదానంగా చూస్తే రెండు. హీరో ముఖం కనబడే ప్రతి ముక్కలో బండి మారిస్ సిక్స్. దూరపు ముక్కల్లో వూల్స్‌లీ. ఈ రెండూ ఒకే ఒళ్ళు పంచుకున్న బండ్లు, పక్కనుంచి చూస్తే కవలలు. తేడా అంతా ముందు జాలీలోనే. వూల్స్‌లీ జాలీ పైన కోడిగుడ్డు ఆకారంలో కంపెనీ గుర్తు ఉంటుంది. లైట్లు వేస్తే ఆ గుర్తు లోపలినుంచి వెలుగుతుంది. ఇంకే కంపెనీ బండికీ ఆ దీపం నేను చూడలేదు. దూరపు ముక్కల్లో ఆ దీపం చక్కగా వెలుగుతోంది.

అంటే రోడ్డు మీద నడిపింది హీరో కాదు. అంతవరకు ఖాయం. కానీ ఊళ్ళో వూల్స్‌లీలు ఇంకా ఉన్నాయి. ఇది సేఠ్‌దేనని ఎలా?

బంపరుకు కాస్త పైన, జాలీకి అడ్డంగా ఒక తెల్లని గీత కనబడింది. మొదట ప్రింటు మీద గీత పడిందనుకున్నాను. బండి తిరిగినప్పుడు అదీ తిరిగింది. అంటే అది బండికి ఉన్నదే. ఏ ప్రకటనలోనూ అలాంటిది లేదు.

మరొకటి చూశాను. బండి కుడివైపు మలుపు దగ్గరికొస్తుంది. ఆ కాలపు ఇంగ్లాండు బండ్లకు ఇప్పటిలా మినుకుమినుకుమనే లైట్లు లేవు. రెండు తలుపుల మధ్య స్తంభంలో చిన్న చేయి దాగి ఉంటుంది. మీట తిప్పితే బయటికి లేచి, ఎటు తిరుగుతున్నామో చూపిస్తుంది. ఇక్కడ చేయి లేవలేదు. నడిపే మనిషి తల పక్కకు తిప్పి, పిడికిలితో ఆ స్తంభాన్ని గుద్దాడు. చేయి లేచింది. బండి తిరిగింది. ఆ తల తిప్పిన క్షణంలో మాత్రం టోపీ కింద ముఖం కెమెరావైపు ఉంది.

డైరెక్టరు దాన్ని కత్తిరించి ఉండవలసింది. ఎందుకో వదిలేశాడు.

బేగంబజార్‌లో

సేఠ్ లేరు. దుకాణంలో గద్దె మీద ఆయన కొడుకు కిషన్‌లాల్ గారు కూర్చుని ఉన్నారు. పెద్దవయసు. మనిషి కొంచెం వంగారు గానీ మాట గట్టిది. హమాలీలు బిందెల కట్టలు మోస్తుంటే ఆయన ఒకసారి వాళ్ళ మీద అరుస్తూ, ఒకసారి నా ప్రశ్నలకు జవాబిస్తూ మాట్లాడారు.

"కాసిం చాచా బిడ్డ పంపిందా? అరే, బైఠో బైఠో. ఏయ్, గా కట్ట గోడకు ఆనియ్యకు, సొట్ట పడ్తది. ఆ, చెప్పన్నా."

బండి ముందు ఏదైనా అడ్డంగా ఉండేదా అని మాత్రమే అడిగాను. ఏముండేదో నేను చెప్పలేదు. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. సాక్షికి జవాబు అందించకూడదు.

"ఇత్తడి కడ్డీ. మా బాపు మన పనోళ్ళతోనే పోయించిండు. ఇత్తడి సేఠ్ బండికి ఇత్తడి లేకపోతే ఎట్ల అని. దాన్ని చింతపండుతోని తోముడు నా పని. మస్తు తోమిన."

"కాసిం గారు గాక ఇంకెవరన్న నడిపెటోళ్ళా?"

"బాపుకే ఇయ్యకపోయెటోడు స్టీరింగ్. ఒక్కసారి బాపు నడుపుతా అంటే, సేఠ్‌జీ మీరు గల్లా చూస్కోండ్రి, బండి నేను చూస్త అన్నడట."

"ఆయన పోయినంక?"

"ఇంకో డ్రైవర్ వచ్చిండు. మస్తు తిక్కలోడు. వచ్చుడు వచ్చుడే, గా పక్కన లేసే చేతులు నాకొద్దు, లైట్లు పెట్టిస్తేనే బండి తీస్త అన్నడు. చేతులు పీకేసి, ఆ సందుల మీద మనోళ్ళే రేకు కొట్టిండ్రు. కాసిం చాచా అయితే గుద్దుకుంట గుద్దుకుంట నడిపెటోడు పాపం."

గుద్దడం సంగతి నేను అడగలేదు. ఆయనంతట ఆయనే చెప్పారు.

ఆఫీసుకు వచ్చి రావుగారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "పెద్దాయన జ్ఞాపకం కదయ్యా. చిన్నప్పటి సంగతులు ముందువెనకలవుతాయి. ఇంకో ఆధారం చూడు."

చూశాను. ఆ తరువాతి కాలంలో ఇదే ఊళ్ళో తీసిన ఇంకో సినిమా మా దగ్గర ఉంది. అందులో ఒక పెళ్ళి ఊరేగింపు వెనక అదే వూల్స్‌లీ ఆగి ఉంది. అదే కడ్డీ. స్తంభంలో చేయి ఉండవలసిన చోట నలుచదరంగా రేకు, మడ్‌గార్డ్ మీద చిన్న లైటు. కిషన్‌లాల్ గారి మాట నిలబడింది. చేతులు ఉన్నంతకాలం కాసిం, కాసిం పోయాక చేతులు లేవు. సినిమా ఎప్పుడు విడుదలైతేనేం, ఆ మలుపు తీసిననాడు ఆయన బతికే ఉన్నారు. స్టీరింగు ముందు ఆయనే ఉన్నారు.

రావుగారు రెండు రీళ్ళూ పక్కపక్కన పెట్టించుకుని చూశారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడను రమ్మను," అన్నారు.

ఆపా చూసింది

మా ఆఫీసులో చిన్న తెర గది ఉంది. ఆపాను అన్నిటికంటే ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. ఏది ఖాయమో, ఏది ఎలా తేలిందో మొదటినుంచి చెప్పాను. ముఖం మసకగానే ఉంటుందని, పోలికలు దొరక్కపోవచ్చని కూడా చెప్పాను.  అంతా విని ఆమె, "అయితే ఇంకెవరన్న ఔతరేమో అన్న షక్ లేదు గద?" అన్నారు.

"లేదు ఆపా."

"సరె. వెయ్యిండ్రి."

"బండి మీకు ఎడమదిక్కు నుంచి వస్తది. మలుపు కాడ నెమ్మదైతది. గప్పుడు కిటికీల చూడాలె."

మొదటిసారి ఆమెకు అందలేదు. "దీపమే కనబడ్డది," అన్నారు. మా ఆపరేటరు మంచి మనసుతోనే, సరిగ్గా తల తిప్పిన చోట బొమ్మను ఆపి తెరనిండా పెద్దది చేశాడు. ఆమె లేచి తెర దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు.

"ఇది మనిషి గాదు భాయ్, ఇసుక."

నిజమే. ఈ పనిలో కొత్తవాళ్ళు నమ్మని సంగతి ఇది. సినిమా బొమ్మను ఆపితే ఉన్నదీ పోతుంది. ఒక్కో ఫ్రేములో సగం సగమే ఉంటుంది. అవి వరసగా కదిలినప్పుడే మన కన్ను వాటిని కలిపి మనిషిని చేస్తుంది. మాకందరికీ తెలిసిన ఆ సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

"ఆపకండ్రి. నడువనియ్యిండ్రి," అన్నారు ఆమె.

మళ్ళీ వేశాం. ఆపా కూర్చోలేదు. తెరకు మూరెడు దూరంలో నిలబడ్డారు. బండి వచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించింది. చేయి లేవలేదు. కోటు వేసుకున్న మనిషి తల తిప్పి స్తంభాన్ని గుద్దాడు, పెదవులు కదిలాయి, చేయి లేచింది, బండి తిరిగి వెళ్ళిపోయింది.

 మేనకోడలు దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది.

"కనబడ్డడా ఫుఫీ?"

"కోపంగున్నడు."

"ఏంది?"

"చేయి లేస్తలేదని కోపం. ఏదో తిట్టిండు గూడ, చూడలేదా నువ్వు." ఆపా కళ్ళు తెర మీదనే ఉన్నాయి. తెర మీద అప్పటికి ఖాళీ రోడ్డు మాత్రమే ఉంది. "అమ్మీ ఎన్నడు ఇది చెప్పలే. నవ్వుకుంట పోయెటోడు, నవ్వుకుంట వచ్చెటోడు, గంతే చెప్పేది. ఎన్నిసార్లడిగినా గదే. గసుంటి మనిషి నిజంగ ఉండెనా, అమ్మీ అల్లిందా అని ఫికర్ ఉండేది నాకు."

వెనక్కి నడిచి, చేత్తో తడుముకుని కుర్చీలో కూర్చున్నారు.

"ఉండె," అన్నారు.